ఒడ్డు దాటని ఖోఖో రేడియో

ఫోన్ పెట్టేయడానికి మనిషి ఏదో ఒక మాట అంటాడు. నేను అన్నది "వస్తాలెండి ఒకసారి" అని. ఆ మాట పట్టుకునే నేను సిరొంచ వెళ్ళాల్సి వచ్చింది. లేకపోతే గొంతు పాడై, పది రోజులు నోరు మూసుకోమని డాక్టరు చెప్పినవాణ్ణి, హాయిగా ఇంట్లో పడుకోక గోదావరి దాటి మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాకు పోవడానికి నాకేం పట్టింది?

నేను ఆటల వ్యాఖ్యానం చెప్పేవాణ్ణి. మాది గాలిలో వచ్చే రేడియో కాదు. హైదరాబాదులో రెండు గదుల ఆఫీసు, ఇంటర్నెట్‌లో తెలుగు వ్యాఖ్యానం. పేపర్లవాళ్ళు పట్టించుకోని కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ మేం చెబుతాం. కొన్నాళ్ళుగా సిరొంచ నుంచి సదానందం అనే వ్యాపారి మాకు ఫోన్లు చేస్తున్నాడు. ఆయనకు కిరాణా దుకాణం, దాని పక్కనే రెండు కంప్యూటర్ల ఇంటర్నెట్ షాపు ఉన్నాయి. మీ రేడియో మాకు రావడం లేదని ఆయన, రాదని నేను. తెలంగాణ ఇంకా విడిపోని రోజులవి. పోటీలు జరిపేవాళ్ళు మాకు ఆంధ్రప్రదేశ్ వరకే హక్కు ఇచ్చారు. రాష్ట్రం బయట హక్కు ఇంకెవరో కొనుక్కుని, ఏ భాషలోనూ ఏమీ వినిపించకుండా ఊరుకున్నారు. మా ఇంజినీరు మాత్రం తాళం వేసి కూర్చున్నాడు. అడిగిన కంప్యూటర్ ఏ రాష్ట్రపు లైను మీద ఉందో చూసి, మహారాష్ట్ర అయితే ఈ ప్రసారం మీ ప్రాంతంలో లభించదు అని ఒక్క ముక్క చూపించి పంపేస్తుంది ఆ తాళం.

ఇదంతా ఫోన్లో ఎన్నిసార్లు చెబుతాను? విసుగెత్తి వస్తానన్నాను. ఆ మర్నాటి నుంచి సదానందం రేడియో సంగతి మానేసి, ఎప్పుడొస్తున్నారని అడగడం మొదలుపెట్టాడు.

కాళేశ్వరం రేవు

వేకువనే ఎక్కిన బస్సు వరంగల్, భూపాలపల్లి మీదుగా కాళేశ్వరం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. దిగేటప్పటికి నడుము నా మాట వినడం మానేసింది. ఎండలు అప్పుడే ముదురుతున్నాయి. నీళ్ళు సగం ఏటికి తగ్గాయి కాబట్టి పడవ దాకా ఇసుకలో కాళ్ళీడ్చుకుంటూ పోవాలి. వంతెన వస్తుందట. చాలా ఏళ్ళుగా వస్తూనే ఉందట.

పడవలోకి ముందు మోటారు సైకిళ్ళు ఎక్కించారు, తర్వాత మేకల్ని, చివరికి మమ్మల్ని. మనిషికి పది రూపాయలు, బండికి ముప్పై, మేకల సంగతి బేరం. నా పక్కన గాజుల మూటతో ఒకామె కూర్చుంది. రెండు ఒడ్లలోనూ ఆమె తిరుగుతుందట. ఈ ఒడ్డున పెళ్ళికి ఏ రంగు గాజులైనా కొంటారట గాని, ఆ ఒడ్డున తెలుగువాళ్ళు కూడా మరాఠీవాళ్ళను చూసి ఆకుపచ్చవే అడుగుతారట. అందుకని ఏరు దాటే రోజు మూటలో పచ్చగాజులు పైకి సర్దుకుంటుంది. నా పని ఏమిటని అడిగింది. రేడియో అన్నాను. నా బొంగురు గొంతు విని ఆమె కాసేపు ఆలోచించింది. "ఈ గొంతుతోనా?" అంది.

అవతలి ఒడ్డున పోలీసు కానిస్టేబుల్ సంచులు చూస్తున్నాడు. అటువైపు అడవి జిల్లా, చూడకుండా పోనివ్వరు. నా సంచిలో ల్యాప్‌టాప్, దానికి గుచ్చే ఇంటర్నెట్ పుల్ల ఒకటి కనిపించాయి. ఆ పుల్ల మా ఆఫీసుది, హైదరాబాదు సిమ్ కార్డుతో పనిచేస్తుంది. ఇదేమిటని మరాఠీలో అడిగాడు. రేడియో అని చెప్పడం నా తెలివితక్కువ. బనియన్లతో సహా సంచంతా ఇసుక మీద పరిపించి, నా గుర్తింపు కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, చివరికి పడవవాడు సదానందం సేటు చుట్టమని చెప్పాక వదిలాడు. బనియన్లలోకి ఇసుక పోయింది. తిరుగు ప్రయాణం దాకా అది నా ఒంటి మీదే ఉంది.

సిరొంచ

మర్నాడు పొద్దున్నే టిఫిన్ అంటే ఇడ్లీ అనుకుని కూర్చున్నాను. అటుకులు వచ్చాయి. వాటి మీద ఎర్రగా మండుతున్న శనగల పులుసు, దాన్ని తర్రి అంటారు. ప్లేటు ఎనిమిది రూపాయలు. గొంతు బాగాలేనివాడు తినాల్సింది కాదు, తిన్నాను, ఇంకో ప్లేటు కూడా తిన్నాను. పక్కన డబ్బాకొట్టులో వక్కలూ పొగాకూ సున్నమూ ప్లాస్టిక్ కాగితంలో పెట్టి బండ మీద రుద్దుతున్నారు. ఖర్రా అంటారు. బజారులో సగం దవడలు దాని మీదే ఆడుతున్నాయి.

బోర్డులన్నీ మరాఠీలో, మాటలన్నీ తెలుగులో. బడి మరాఠీ, తాసిల్దారు కాగితం మరాఠీ, దుకాణం చీటీ మరాఠీ. ఇంట్లో, పొలంలో, పోట్లాటలో తెలుగు. సదానందం నాకంటే వేగంగా తెలుగు మాట్లాడతాడు, తెలుగులో తన పేరు మాత్రం చదవలేడు. ఇక్కడివాళ్ళకు తెలుగు పేపరు ఇచ్చి లాభం లేదు. వినిపిస్తే తప్ప తెలుగు వీళ్ళకు చేరదు. మా తాళం సంగతి అప్పుడే నాకు మొదటిసారి సిగ్గనిపించింది.

సదానందం బొద్దుగా, నవ్వు ముఖంతో ఉంటాడు. తాళం విప్పడానికి తాము ఏం చేశారో ఆయనే చెప్పాడు. ఈ సరిహద్దులో బండి ఏ రాష్ట్రంలో కొంటే ఆ నంబరు ప్లేటే దానికి జీవితాంతం. అవతలి ఒడ్డున కొన్న ట్రాక్టరు ఇవతల పదేళ్ళు దున్నినా అది ఆంధ్ర ట్రాక్టరే. కంప్యూటర్ కూడా అంతే అనుకున్నారు. కంప్యూటర్ డబ్బాను దుప్పట్లో చుట్టి, పడవెక్కించి, కాళేశ్వరంలో ఆటో మాట్లాడుకుని మహదేవపూర్ ఇంటర్నెట్ షాపుకు పట్టుకుపోయారు. అక్కడి లైనుకు తగిలించగానే మా రేడియో మోగింది. ఇక ఇది ఆంధ్ర డబ్బా అయిపోయిందని సంబరపడి మళ్ళీ దుప్పట్లో చుట్టి తెచ్చి సిరొంచలో పెట్టారు. పాత ముక్కే కనిపించింది.

"దారిల తడిసిందేమో అనుకున్నం సార్," అన్నాడు. నాకు నవ్వు వచ్చింది, గొంతు నొప్పికి ఆపుకున్నాను.

ఖోఖో కోసం ఇంత పరేషాన్ ఎందుకని అడిగాను. ఆయన నవ్వు తగ్గించి రాజన్న సంగతి చెప్పాడు. దగ్గర్లోని అంకిస అనే ఊళ్ళో రైతు. కూతురు సునీత బడిలో ఖోఖో బాగా ఆడుతుందని నాగపూర్ వైపు ఆటల హాస్టల్‌కు తీసుకుపోయారు. ఇప్పుడు మహారాష్ట్ర జట్టుతో గుంటూరు వెళ్ళింది. అక్కడి పోటీలకే మా రేడియో వ్యాఖ్యానం. అయితే ఎవరో బంధువు హాస్టల్ చూసివచ్చి, పిల్లను ఆడనివ్వడం లేదు, నీళ్ళ సీసాలు మోయిస్తున్నారు అన్నాడట. ఆ మాట రాజన్న మనసులో ముల్లై కూర్చుంది. ఈ పోటీలు కాగానే వెళ్ళి పిల్లను తీసుకొచ్చేస్తానంటున్నాడు.

అంకిస

సదానందం మోటారు సైకిల్ మీద అంకిస వెళ్ళాం. దారికి ఒకవైపు యాసంగి వరి, ఇంకోవైపు అడవి. గుంతలు మాత్రం రెండు వైపులా. రాజన్న పొలం గట్టు మీద ఎదురుపడ్డాడు. సన్నగా, ఎండకు మాడి, ప్రతి మాటా ఒకసారి తూకం వేసి గాని బయటికి వదలని మనిషి. రాత్రిళ్ళు అడవిపందుల కాపలా అట, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఇద్దరం సమానంగా అలసిపోయి ఉన్నామని చూడగానే అనుకున్నాను.

ఇంట్లో ఆయన భార్య పోసక్క అన్నం పెట్టింది. గోదావరి బొచ్చెల పులుసు, దొడ్డు బియ్యం అన్నం. మా ఇంట్లో చేపల పులుసు చిక్కగా ఉంటుంది, ఇక్కడ పలచగా, పులుపు ఎక్కువ. గొంతుకు బాగుందని చెబితే ఇంకో గరిటె పోసింది. పిల్ల వారానికోసారి ఫోన్ చేస్తుందట, ఆడుతున్నా అని చెబుతుందట. ఇంకేం కావాలి అన్నట్టు ఆమె భర్త వైపు చూసింది.

నేనూ అదే అడిగాను. ఫోన్లో పిల్లే చెబుతోంది కదా, నమ్మడానికేం?

"చెప్పేటోళ్ళంతా దాని దిక్కోళ్ళే సార్," అన్నాడు రాజన్న. "బిడ్డ చెప్తది, తల్లి చెప్తది, హాస్టల్ మాస్తరు చెప్తడు. ఎదురు జట్టోడు చెప్తే నమ్ముత. ఆనికేం పని, నా బిడ్డ గురించి అబద్దం చెప్పెతందుకు? మీ రేడియోల ఆంధ్రోళ్ళు మా పిల్లలతోటి ఆడేది ఉన్నదట గదా. అది నా చెవులతోటి ఇంట. ఆడితే ఉండనియ్యి. నీళ్ళు మోసుడే అయితే నీళ్ళు ఇంటి కాడ గూడ ఉన్నయి."

నేను వ్యాఖ్యానం చెప్పడం మొదలుపెట్టాక నా మాట మీద ఇంత నమ్మకం పెట్టిన మనిషిని చూడలేదు. అదీ పక్షపాతం ఉంటుందన్న నమ్మకంతో.

ఆంధ్ర, మహారాష్ట్ర అమ్మాయిల ఆట మర్నాడు సాయంత్రం. మహదేవపూర్ పోయి వినవచ్చు గాని, చీకటి పడితే పడవ ఉండదు, రాత్రికి తిరిగిరాలేడు. ఒక్క రాత్రి కాపలా లేకపోతే పందులు మడిని మిగల్చవు. ఇంటి బయటికి వచ్చి సదానందం ఫోన్ తీసుకుని మా మేనేజరుకు చేశాను, ఒక్క గంట సిరొంచకు తాళం తీయమన్నాను. సిరొంచ లైను తమకు నాగపూర్‌గా కనిపిస్తుందని, అది తీస్తే మహారాష్ట్ర అంతా తెరుచుకుంటుందని, బయట ఒక్క కంప్యూటర్ విన్నట్టు తేలినా జరిమానా మనమే కట్టాలని చెప్పాడు. గొంతుకు విశ్రాంతి ఇవ్వమని సలహా కూడా ఇచ్చాడు.

తిరిగి వస్తుంటే వెనక సీటు మీద నాకు ప్రాణం విసిగిపోయింది. ఆట ఎవరిదో, కూతురు ఎవరిదో. చేతిలో ఏ అధికారమూ లేనివాడు ఊళ్ళు తిరిగి మనుషులకు ఆశ పెట్టడం మంచిది కాదు. సదానందంతో ఆ మాటే అన్నాను. ఆయన విన్నట్టు లేదు. పడవ దిగినప్పుడు రేవు దగ్గర నా ఫోన్‌కు సిగ్నల్ వచ్చిందా అని అడిగాడు.

వచ్చింది. సిరొంచ బజారులో చచ్చిపడి ఉండే నా హైదరాబాదు ఫోను, ఏటి ఒడ్డున నిలబడితే అవతలి టవరు అందుకుని బతుకుతోంది. ఇక్కడ అందరికీ తెలిసిన సంగతేనట. ఆంధ్ర సిమ్ ఉన్నవాళ్ళు మాట్లాడాలంటే రేవుకు పోతారు. అప్పుడు గాని నాకు సంచిలో పుల్ల గుర్తుకు రాలేదు.

మళ్ళీ రేవు

మర్నాడు పొద్దున రేవులో ఇసుక మీద కూర్చుని ల్యాప్‌టాప్‌కు పుల్ల గుచ్చి చూశాం. అటూ ఇటూ జరిగి, నీళ్ళకు నాలుగడుగుల దూరంలో ఒక చోట కుదిరింది. మా రేడియో పేజీ తెరుచుకుంది. కూర్చున్నది మహారాష్ట్ర ఇసుకలో, తాళానికి మాత్రం మేం ఆంధ్రవాళ్ళం.

"మేం డబ్బ మోసుకపోయినం, మీరు పుల్ల మోసుకొచ్చిర్రు," అన్నాడు సదానందం. "మేమన్నదే గద సార్. ఏడ కొంటే ఆడి నంబరే."

తాళం మాది, పుల్ల మా ఆఫీసుది. ఎవరిని అడగాలో తెలియక ఎవరినీ అడగలేదు.

సాయంత్రం రాజన్న, పోసక్క బస్సులో వచ్చారు. పడవవాడు ఆఖరి ఖేపు ముగించుకుని వచ్చి కూర్చున్నాడు. సంచి సోదా చేసిన కానిస్టేబుల్ కాసేపు దూరంగా నిలబడి, ఇది ఆ రేడియోయే అని తెలిశాక దగ్గరికొచ్చాడు. సదానందం తెచ్చిన స్పీకర్ తగిలించాం. గుంటూరు మైదానం నుంచి నా తోటి వ్యాఖ్యాత శ్రీనివాస్ గొంతు గోదావరి ఒడ్డున వినిపించింది. నాకు తెలిసిన గొంతే అయినా ఒళ్ళు ఝల్లుమంది.

మొదటి విడత మా ఆంధ్ర అమ్మాయిలు పరిగెత్తడం, మహారాష్ట్రవాళ్ళు పట్టుకోవడం. శ్రీనివాస్ ఆంధ్ర అమ్మాయిల పేర్లే చెబుతున్నాడు. పట్టుకునేవాళ్ళు అతనికి వట్టి మహారాష్ట్ర అమ్మాయిలు. నేనైనా అలాగే చెప్పేవాణ్ణి. ఆ విడతంతా సునీత పేరు రాలేదు. మధ్యలో రెండుసార్లు గొంతు తెగిపోయింది, రెండుసార్లూ పోసక్క నా ముఖం వైపు చూసింది. రాజన్న మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నేల చూస్తున్నాడు. తను అనుకున్నదే అయిందన్న సంతోషం ఆ ముఖంలో లేదు. బయటికి ఎలా ఉన్నా, తన అనుమానమే ఓడిపోవాలని కోరుకుంటూ వచ్చాడని నాకు అప్పుడు అర్థమైంది.

రెండో విడత పరిగెత్తే వంతు మహారాష్ట్రది. మొదట దిగే ముగ్గురి పేర్లు శ్రీనివాస్ కాగితం చూసి చదివాడు. మొదటి రెండూ మరాఠీ పేర్లు. మూడోది, "జి.ఎస్. రాజన్న."

అందరి తలలూ రాజన్న వైపు తిరిగాయి.

నాకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. ఇక్కడి పద్ధతిలో మనిషి పేరు రాస్తే ఇంటి పేరు, సొంత పేరు, చివర తండ్రి పేరు. గట్టు సునీత రాజన్న. మా పద్ధతిలో చివర ఉన్నదే మనిషి పేరు, ముందున్నవి పొడి అక్షరాలు. గుంటూరులో జాబితా టైపు చేసినవాడు మన అలవాటు కొద్దీ కుదించేశాడు. శ్రీనివాస్ కాగితంలో ఉన్నది చదువుతున్నాడు. నేను ఇదంతా చెబితే సదానందం తొడ మీద కొట్టుకుని నవ్వాడు.

ఆట మొదలైంది. మొదటి అమ్మాయి తొందరగానే దొరికిపోయింది. రెండో అమ్మాయి స్తంభం దగ్గర దొరికింది. "రాజన్న మాత్రం చిక్కడం లేదు," అంటున్నాడు శ్రీనివాస్ దిగులుగా. "మన అమ్మాయిలు స్తంభం దాకా తరిమారు, రాజన్న మళ్ళీ తప్పించుకుంది. ఇది మనకు నష్టం." ఆ దిగులుకు ఇక్కడ ఒడ్డంతా పొంగిపోయింది. మైదానంలో మిగిలింది ఆమె ఒక్కతే, నిమిషాలు గడుస్తున్నాయి, రాజన్న దొరకలేదు. ఉరుకు రాజన్నా అని పడవవాడు అసలు రాజన్నకు చెబుతున్నాడు. నడుము నొప్పి మనిషివి ఎంత ఉరుకుతున్నావని సదానందం ఎగతాళి చేశాడు.

పోసక్క నవ్వడం లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇగో సునీత నాయినా," అంది భర్తతో, మెల్లగా. "అంత ఉరుకుతున్నది, పిల్ల పేరొక్కటి ఇనస్తలేదు."

రాజన్న ఆమెను చూశాడు. తర్వాత నన్ను.

"సార్, ఫోన్ చెయ్యిర్రి," అన్నాడు. "ఉరికేది నేను గాదు. దాని పేరు చెప్పుమనుర్రి."

ఫోన్ చేయడమంటే ఇక్కడ వింటున్నామని ఒప్పుకోవడమే. నాకు భయం వేసింది, దాచను. ఈ వయసులో ఇంకో ఉద్యోగం వెతుక్కునే ఓపిక నాకు లేదు. రాజన్న నా వైపే చూస్తున్నాడు. ఆయనకు ఈ సంగతులేమీ తెలియవు. ఇంజినీరుకు ఫోన్ కలిపాను. శ్రీనివాస్ చెవిలో మాట్లాడగలిగేది అతనొక్కడే. పోయిన గొంతుతో ఆ పేరు రాజన్న కాదు, సునీత అని, అంకిస పిల్ల అని చెప్పాను. నువ్వెక్కడ వింటున్నావు అని అడిగాడు. గోదావరి ఒడ్డున అన్నాను. ఏ ఒడ్డున అని అడిగాడు. చెప్పాను.

అతను ఫోన్ పెట్టేశాడు.

స్పీకర్‌లో శ్రీనివాస్ ఒక పరుగు మధ్యలో ఆగాడు. "ఒక సవరణ," అన్నాడు. "ఇంతసేపూ మనల్ని అలసిపోయేలా చేసిన ఈ అమ్మాయి పేరు సునీత. గట్టు సునీత. సిరొంచ తాలూకా అంకిస." ఆ వెంటనే మైదానంలో అరుపులు. సునీత దొరికింది. మన అమ్మాయిలు ఎట్టకేలకు సునీతను పట్టుకున్నారని సంతోషంగా చెప్పాడు.

ఒడ్డున అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. కానిస్టేబుల్ పోసక్కకు దండం పెట్టి ఏదో మరాఠీలో అన్నాడు. ఆమె కళ్ళు తుడుచుకుని భర్త వైపు తిరిగింది.

"పోటీలు కాంగనే పోయి తీసుకొస్తనంటివి గదా," అంది. "పోతవా మరి?"

రాజన్న లేచి పంచెకు అంటిన ఇసుక దులుపుకున్నాడు. పందుల కాపలాకు పొద్దుపోతోంది.

"ఉరికేదాన్ని నడుమల పట్టుకునుడు ఎదురు జట్టోళ్ళ పని," అన్నాడు. "నా పని గాదు."